ఇరవై అయిదు నాలుగుల వంద

ఆ శనివారం ఉదయానికి కత్తెర వాళ్ళమ్మ వేసుకున్న పథకం చాలా చిన్నది. లెక్కల మాస్టారు ఎనిమిదింటికి వచ్చి సిఫారసు రాసి సంతకం పెడతారు. ఆమె కూతురి దరఖాస్తును కవరులో పెట్టి, అంటించి, తొమ్మిదింటికల్లా పోస్టులో వేసి వస్తుంది. వస్తూ వస్తూ కుట్టు దారం రెండు ఉండలు తెస్తుంది. ఈలోపు ఆ కాగితాల మీద భర్త చెయ్యి పడకూడదు. పథకం మొత్తంలో కష్టమైన పని అదొక్కటే.

భర్త పుస్తకాల బైండరు. వీధివైపు గది దుకాణం, వెనక రెండు గదులు ఇల్లు. మధ్య తలుపు ఉండేదిగానీ దానిమీద ఎప్పుడూ అట్టలకు అతికించే క్యాలికో గుడ్డ ఏదో ఒకటి ఆరుతూ ఉండటం వల్ల అది మూసుకోగా ఎవరూ చూడలేదు. ఇంట్లో మంచినీళ్ళకు కూడా ఉడికిన జిగురు వాసన వచ్చేది. ఆయన అట్టలు వేస్తే ఆమె పేజీలు కుట్టేది. కూతురు నాలుగేళ్ళప్పుడు గ్రంథాలయంవారి లావుపాటి నిఘంటువులోంచి ఏనుగు బొమ్మను కత్తిరించి దాచుకుంది. అప్పటినుంచి దాని పేరు కత్తెర. పెద్దయ్యాక ఆ పేరు మాటతీరుకు కూడా సరిపోయింది.

ఇప్పటి పిల్లలు ఫోనులో నాలుగు అంకెలు కొడితే చాలు, ఫలానా విశ్వవిద్యాలయంలో సీటు వచ్చే అవకాశం ఇంత అని తెర మీద పడిపోతోంది. అప్పట్లో దరఖాస్తంటే కాగితం. కాగితమంటే సిరా మరక, గుండుసూది, పోస్టాఫీసు బల్ల మీద ఎండిపోయిన జిగురు సీసా. కబురు తెలియాలంటే పోస్టుమాను సైకిలు గంట మోగాలి. ఆ గంట కోసం చెవులు రిక్కించుకుని కూర్చున్న మధ్యాహ్నాలు ఆమెకు ఇప్పటికీ గుర్తే.

భర్త చెయ్యి పడకూడదనుకోవడానికి ఇరవై ఒక్క ఏళ్ళనాటి కారణం ఉంది. పద్దెనిమిదేళ్ళ వయసులో ఆమె కూడా ఇదే విశ్వవిద్యాలయానికి దరఖాస్తు రాసుకుంది. 'ఇక్కడే ఎందుకు చదవాలనుకుంటున్నారు?' అన్న ప్రశ్నకు నాలుగు పేజీల వ్యాసం. విడి కాగితాలు నలిగిపోతాయని, కొత్తగా దుకాణం పెట్టిన కుర్ర బైండరు చేతికిచ్చింది. "రేపు ఇచ్చేస్తానండీ" అన్నాడతను. మర్నాడు వెళితే అట్ట రంగు నచ్చలేదని విప్పేశాడు. ఆ మర్నాడు కుట్టు వంకర పోయిందని విప్పేశాడు. పన్నెండో రోజున అద్దంలాంటి ఫైలు చేతిలో పెట్టాడు. గడువు పదో రోజునే దాటిపోయింది.

అతను క్షమాపణ చెప్పడానికి వాళ్ళింటికి వచ్చాడు. ఒకసారి చెబితే సరిపోయేది. నెల రోజులపాటు రోజూ వచ్చి చెప్పాడు. చివరికి ఆమె నాన్నగారు విసుగెత్తి, "నువ్వు చెప్పాల్సింది ఇంకేదో ఉన్నట్టుంది బాబూ, ఆ ముక్క కూడా చెప్పేసి పో" అన్నారు. చెప్పేశాడు. పెళ్ళయింది. ఆ సంగతి మళ్ళీ ఇద్దరిలో ఎవరూ ఎత్తలేదు. ఫైలు మాత్రం దుకాణంలో పై అరన ఉండిపోయింది.

నిన్న మధ్యాహ్నం కత్తెర, "అప్పుడు నువ్వేం రాశావమ్మా?" అని అడిగితే ఆమె దాన్ని కిందకు దించింది. అందానికి లోటు లేదుగానీ, ఆ కుట్టు బిగువుకు ఫైలు తెరుచుకోదు. దారం తెంపి నాలుగు కాగితాలూ విడదీసి ఇవ్వాల్సి వచ్చింది. కత్తెర ఒకసారి చదివి, మళ్ళీ మొదటినుంచీ చదివింది. ఏదైనా రెండోసారి చదవడం దాని అలవాటు కాదు. ఆ కాగితాలను బల్ల మూలన ఇనప గుండు కింద పెట్టి వెళ్ళిపోయింది.

మాస్టారు చెప్పిన వేళకే వచ్చారు. టీ గ్లాసు అందుకుని, కలం మూత తీశారు.

"ఏమ్మాయ్, నిజం చెప్పమంటావా, ధైర్యం చెప్పమంటావా?"

"రెండూ వేరైతే నిజమే చెప్పండి మాస్టారూ" అంది కత్తెర.

"అక్కడ నూటికి నలుగుర్నే తీసుకుంటారు. నువ్వు బాగా చదువుతావు, కాదన్ను. కానీ అక్కడికి పెట్టేవాళ్ళంతా వాళ్ళ వాళ్ళ బళ్ళలో బాగా చదివినవాళ్ళే. కాబట్టి నీ అవకాశమూ నూటికి నాలుగే అనుకో."

"నాకు అదొక్కటే కావాలి మాస్టారూ. గణితం అక్కడ చెప్పినట్టు ఇంకెక్కడా చెప్పరని మీరే కదా అన్నారు?"

"అన్నాను. సీటు ఇస్తారని మాత్రం అన్లేదు."

మధ్య తలుపు దగ్గర క్యాలికో గుడ్డ కదిలింది. జిగురు బ్రష్షు పట్టుకుని బైండరు ఇవతలికి వచ్చాడు.

"నాలుగేనా? మరి మిగతా తొంభై ఆరు?"

"ఇళ్ళకొస్తారయ్యా" అన్నారు మాస్టారు.

బైండరు కాసేపు బ్రష్షు కొసకేసి చూస్తూ నిలబడ్డాడు. జిగురు చుక్క ఒకటి ఆయన పాదం మీద పడింది. "మాస్టారూ, పదహారు పేజీలు కలిపితే ఒక ఫారం అంటాం మేం. ఒక్క ఫారాన్ని పట్టుకుని ఎవరూ పుస్తకమనరు. అవునా? అలాంటి ఫారాలు ఇరవై చేర్చి కుడితే?"

"పుస్తకం అవుతుంది."

"అద్గదీ! నూటికి నాలుగు చొప్పున ఇరవై అయిదు చోట్ల దరఖాస్తు పెడితే? ఇరవై అయిదు నాలుగుల వంద! నూటికి నూరు!"

మాస్టారికి టీ కొరబోయింది. ఆయన దగ్గుతూ చేతులు ఊపారు. అది మెచ్చుకోలు అనుకున్నాడు బైండరు. దగ్గు తగ్గి, "అలా కలపకూడదయ్యా" అనేసరికి బైండరు సైకిలు వీధి మలుపు తిరిగిపోయింది. పోతూ పోతూ, గ్రంథాలయంలో నమూనా చూపించడానికి ఉంటుందని, అసలు దరఖాస్తును కూడా చంకలో పెట్టుకుపోయాడు.

మధ్యాహ్నానికి ఇంకో ఇరవై నాలుగు దరఖాస్తులతో తిరిగొచ్చాడు. గ్రంథాలయంలో వాటిని అడిగినవారికి ఊరికే ఇచ్చేవారు. నూటికి పదిమందిని తీసుకునేవి కూడా ఉన్నాయని అక్కడి ఆవిడ చెబితే, "వద్దండీ, లెక్క చెడిపోతుంది" అని తిరిగిచ్చేశాడట. అప్పటికి పోస్టాఫీసు మూసేశారు. మర్నాడు ఆదివారం.

"ఇదేంటి నాన్నా, నా ఈత సర్టిఫికెట్టు అడుగుతున్నారు?"

"అది ఓడలు నడిపే చదువు. అడగనీ. నాలుగు నాలుగే."

"ఇది గుర్రాల డాక్టరు చదువు!"

"గుర్రానికి మాత్రం లెక్కలొచ్చిన డాక్టరు వద్దా ఏంటి?"

ఇక ఆమె ఊరుకోలేకపోయింది. "ఏవండీ, ఒక్క కవరు. ఒక్క పోస్టు. చిటికెలో అయిపోయేదానికి ఎందుకీ సంత?"

ఆయన తలెత్తలేదు. దరఖాస్తుల అంచులు సరిచేస్తూనే, "ఒకసారి ఒక్కదాన్నే నమ్ముకుంటే ఏమైందో తెలుసుగా" అన్నాడు.

ఇరవై ఒక్క ఏళ్ళలో ఆయన నోట ఆ మాట రావడం అదే మొదలు.  ఆమె లోపలికి వెళ్ళి సూదిలోకి దారం ఎక్కించుకొచ్చింది.

ఆదివారం పొద్దున్నుంచీ ఇల్లు అచ్చాఫీసులా తయారైంది. కత్తెర రాసిన వ్యాసానికి ఇరవై అయిదు నకళ్ళు తీయించి, విశ్వవిద్యాలయం పేరున్న చోట ఖాళీ వదిలి, ఆ ఖాళీల్లో వాళ్ళమ్మ ఒక్కో విశ్వవిద్యాలయం పేరు రాసింది. తల్లీ కూతుళ్ళ దస్తూరి ఒకటే. పలకమీద దిద్దించింది ఆమేగా. మాస్టారిని మళ్ళీ పిలిపించారు. మొదటి సిఫారసులో ఆయన 'అసాధారణమైన ప్రతిభ, వినయం, క్రమశిక్షణ గల విద్యార్థిని' అని రాశారు. పదోదానికి వచ్చేసరికి వినయం, క్రమశిక్షణ పోయాయి. ఇరవయ్యోదానిలో 'మంచి పిల్ల' అని తేల్చారు. అన్నిటికన్నా ముఖ్యమైనదని బైండరు అసలు దరఖాస్తును అట్టడుగున పెట్టాడు. అక్కడికి చేరేసరికి మాస్టారి వేళ్ళు తిమ్మిరెక్కి, 'పిల్ల' అని రాసి కలం జేబులో పెట్టుకున్నారు.

మధ్యాహ్నం కాగితాలన్నీ గోడ వెంబడి కుప్పలు కుప్పలుగా పేర్చి, ముగ్గురూ గది చుట్టూ తిరుగుతూ కుప్పకొకటి చొప్పున ఎత్తుకున్నారు. ఏ పుస్తకానికైనా బైండర్లు చేసేది అదే. చివరి దరఖాస్తు దగ్గర బైండరుకు వ్యాసం తక్కువొచ్చింది. అటూ ఇటూ చూశాడు. బల్ల మూలన ఇనప గుండు కింద నాలుగు కాగితాలు కనిపించాయి. పైన అదే ప్రశ్న. అదే దస్తూరి. ఒకటి, రెండు, మూడు, నాలుగు. అంకెలు సరిపోయాయి. కాగితం కాస్త పసుపుపచ్చగా ఉంది. మంచి రకం అనుకున్నాడు, తనే కుట్టి అట్ట వేశాడు.

బైండరు చదవడు. కాగితం మీద అంకె చూస్తాడు, అంచు చూస్తాడు. చదువుతూ కూర్చుంటే పుస్తకం తయారయ్యేదెప్పుడు? తన చేతుల మీదుగా పోయిన వేల పుస్తకాల్లో ఏముందో ఆయనకు తెలియదు. పన్నెండు రోజులు విప్పి కుట్టి, విప్పి కుట్టి చేసిన ఆ నాలుగు కాగితాల్లో ఏముందో కూడా తెలియదు.

సోమవారం పది గంటలకు ఇరవై అయిదు కవర్లూ పోస్టులో పడ్డాయి. ఇంటికి రాగానే ఆమె బల్ల తుడుస్తూ ఇనప గుండు ఎత్తింది. దాని కింద బల్లే ఉంది.

"ఏవండీ, ఇక్కడి కాగితాలేవి?"

"అవా? చివరిదాంట్లో తక్కువొస్తే పెట్టేశా" అన్నాడు బైండరు, మంచి పని చేసినవాడిలా.

చివరిదంటే, కత్తెర కోరుకున్న చోటికి వెళ్ళేదే. ఆమె జిగురు గిన్నె ఎత్తి చూస్తే, దాని అడుగుకు అంటుకుని కత్తెర వ్యాసం కనిపించింది. సంగతి చెప్పేసరికి బైండరు చేతిలోని అట్ట జారి కింద పడింది. అది ఎలా పడిందో, ఏ మూల నలిగిందో కూడా ఆయన చూడలేదు. ఆయనను అలా ఆమె ఎన్నడూ చూడలేదు.

సైకిలును కూడా తోసుకుంటూ ముగ్గురూ పోస్టాఫీసుకు పరుగెత్తారు. పోస్టుమాస్టరు కళ్ళజోడు పైనుంచి చూశాడు. "పెట్టె నోట్లో పడ్డాక అది మీది కాదమ్మా, చేరాల్సినవాళ్ళది. అయినా సంచి కట్టేశాం, బండి ఇప్పుడే వెళ్ళింది."

"ఎటు?" అన్నాడు బైండరు.

సైకిలు మీద ఆయన, వెనక ఆమె. పెళ్ళయిన కొత్తలో అలా తిరిగేవారు. ఇప్పుడు క్యారియరు కిర్రుమంటోంది, ఆయన రొప్పుతున్నాడు. "నువ్వు అప్పుడింత బరువు లేవే!" అన్నాడు. "మీరు అప్పుడింత తొందరపడేవారు కాదు" అంది ఆమె. రైలు గేటు దగ్గర తపాలా బండి దొరికింది. డ్రైవరు అంతా విని, "పాపమే. కానీ సంచి తాళం నా దగ్గరుండదు, దించేచోట ఉంటుంది" అన్నాడు. రైలు పోయింది, గేటు లేచింది, బండి వెళ్ళిపోయింది. తిరిగొస్తుంటే సైకిలు గొలుసు ఊడింది. ఇద్దరూ నడిచే వచ్చారు.

కత్తెర గుమ్మంలో నిలబడి ఉంది. "దొరకలేదా? పోనీలే నాన్నా. వందలోంచి నాలుగు తీసెయ్. ఇంకా తొంభై ఆరు ఉన్నాయిగా" అంది. అని వెనక గదిలోకి వెళ్ళి, ఏదో వెతుకుతున్నట్టు చాలాసేపు బీరువా తలుపు చాటునే ఉండిపోయింది.

ఆ తర్వాత రెండు నెలలూ సైకిలు గంటలే. ముందుగా జవాబిచ్చినవారు గుర్రాలవారు. మర్యాదగానే వద్దన్నారు. ఈత రాదు కనుక వద్దని ఓడలవారు రాశారు. ఉత్తరం వచ్చినప్పుడల్లా బైండరు గోడ మీద పెన్సిలుతో నాలుగు తీసేసేవాడు. తొంభై ఆరు. తొంభై రెండు. ఎనభై ఎనిమిది. యాభై దాటి కిందికి దిగాక ఆయన అన్నం సగంలో లేవడం మొదలుపెట్టాడు. ఆమె చూస్తుండగానే అంకె ఎనిమిదికి దిగింది. ఒక మధ్యాహ్నం ఆ అంకె నాలుగైంది. ఇక మిగిలింది ఆ ఒక్కటే.

అది కూడా వచ్చింది. కత్తెర పైకి చదివింది: "'మీరు జతపరచిన వ్యాసంపై తేదీ ఇరవై ఒక్క సంవత్సరముల క్రిందటిది. దరఖాస్తులో మీ వయస్సు పద్దెనిమిదిగా చూపబడినది. ఈ విషయమై సంజాయిషీ ఇచ్చుటకు, వ్యాసము రాసిన వ్యక్తితో సహా ఇంటర్వ్యూకు హాజరు కావలెను.'"

"నేనూ వస్తా" అన్నాడు బైండరు. "తప్పు నాది."

పొడవాటి గది. పెద్ద బల్ల. అవతల తెల్లజుట్టు ప్రొఫెసరుగారు, ఒక్కావిడే. ముందర, మెరిసిపోతున్న అట్టతో వాళ్ళ దరఖాస్తు. అది తెరుచుకోవడానికి ఆవిడ కూడా కాగితాల కత్తి వాడినట్టుంది.

"మీ మాస్టారు నీ గురించి ఒకే మాట రాశారమ్మా. 'పిల్ల' అని. అది నిజమేనని కనిపిస్తోంది. మిగతాది నువ్వు చెప్పు."

కత్తెర దాచకుండా మొదటినుంచీ చెప్పింది. ఇరవై అయిదు నాలుగుల వంద దగ్గరకు వచ్చేసరికి ప్రొఫెసరుగారు కళ్ళజోడు తీసి తుడుచుకోవడం మొదలుపెట్టారు. బైండరు తన చెప్పులకేసి చూసుకున్నాడు.

"మరి నిజంగా ఎంత?" అన్నారావిడ.

"ఒక్కోచోట రాకపోవడానికి నూటికి తొంభై ఆరు కదండీ. ఇరవై అయిదుసార్లు వరసగా రాకపోవడానికి నూటికి ముప్ఫై ఆరు దాకా ఉంటుంది. అంటే ఎక్కడో ఒకచోట రావడానికి అరవై నాలుగు. కానీ అదీ తప్పే."

"ఎందుకు?"

"అది నాణెం ఎగరేసినట్టు దేనికది విడిగా జరిగితేనండీ. అందరూ చూసేది నన్నే, చదివేది ఒకే వ్యాసం. నేను ఒకరికి పనికిరాకపోతే ఇంకొకరికీ పనికిరాననే అంటారు. ఇరవై అయిదు పెట్టినా ఇంచుమించు ఒకటి పెట్టినట్టే. మీకొచ్చింది మాత్రం అసలు నాది కాదు, మా అమ్మది. నాది ఇదిగో." అంటూ జిగురు మరకలతో అట్టలా గట్టిపడిన నాలుగు కాగితాలు బల్లమీద పెట్టింది. "ఇది చదివి వద్దంటే ఒప్పుకుంటానండీ. అది చదివి రమ్మంటే రాను."

తల్లి కూతురి వంక చూసింది. ఇంతకాలం ఆ మాట పదునును ఎన్నిసార్లు తిట్టిందో గుర్తొచ్చింది.

ప్రొఫెసరుగారు జిగురు కాగితాలు చివరిదాకా చదివి పక్కన పెట్టారు. ఆమెవైపు తిరిగారు. "మీ వ్యాసంలో ఒక వాక్యం ఉందండీ. 'మా ఇంట్లో ఉన్న పుస్తకాలన్నీ అరువు తెచ్చినవే. తిరిగి ఇచ్చేయనక్కర్లేనిది ఒక్కటి కావాలి నాకు. అది చదువు అనుకుంటున్నాను.' ఆ ఏడాది ఎందుకు పంపలేదు?"

ఆమె బల్ల మీది అట్టకేసి చూసింది. "బైండింగు పూర్తి కాలేదండీ."

 బైండరు మెల్లగా వంగి ఆ పసుపుపచ్చ కాగితాల్లోకి చూశాడు. ఈసారి అంకెలు చూడలేదు. పెదవులు కదిలిస్తూ మొదటి పేజీ నుంచీ చదివాడు. నాలుగో పేజీ అయ్యాక, "ఇది... ఇది నేను బైండు చేసిందేనా?" అన్నాడు.

"రెండుసార్లు" అంది ఆమె.

ఉత్తరం మూడు వారాలకు వచ్చింది. కత్తెరకు సీటు ఇచ్చారు. దాంతోపాటు తల్లి వ్యాసాన్ని కూడా తిప్పి పంపారు. మార్జినులో ఎర్ర సిరాతో ప్రొఫెసరుగారి దస్తూరి: 'గడువు దాటి చేరిన దరఖాస్తు. సకాలంలో వచ్చి ఉంటే తీసుకునేవాళ్ళం.' ఆమె దాన్ని రెండుసార్లు చదివి, మళ్ళీ ఇనప గుండు కింద పెట్టబోయి, మానేసి, కూతురి పెట్టెలో బట్టల అడుగున పెట్టింది.

ఆ సాయంత్రం మాస్టారు టీ తాగుతూ, "ఇరవై అయిదుకి ఒకటి. అంటే నూటికి నాలుగు. నేను చెప్పలా?" అన్నారు.

"ఒక్క సీటు కావాలనుకున్నాం, ఒక్క సీటు వచ్చింది. నూటికి నూరు. నేను చెప్పలా?" అన్నాడు బైండరు.

కత్తెర నోరు తెరిచింది. ఆమె కళ్ళతోనే వద్దని సైగ చేసింది. ఆ ఒక్కసారికి కత్తెర నోరు మూసుకుంది.

ఇదంతా జరిగి ఎన్నో ఏళ్ళయింది. కత్తెర ఇప్పుడు ఎక్కడో తనే పిల్లలకు పాఠాలు చెబుతోంది. ఆ ఇరవై నాలుగు తిరస్కారపు ఉత్తరాలనూ ఒక పుస్తకంగా కుట్టి దానికి బహుమానంగా ఇస్తానని బైండరు ఆ వారమే మొదలుపెట్టాడు. అట్ట రంగు ఇంకా తేలలేదు.